వేళ్ళ మీద టాటూ: రాళ్ళెక్కే వాళ్ళకి నిలుస్తుందా?

కొండగొర్రె (తిరుపతి)
అందరికీ నమస్తే. శని, ఆదివారాల్లో బెంగళూరు వైపు వెళ్ళి రామనగరలో కొండరాళ్ళు ఎక్కుతుంటాను. అంత దూరం కుదరనప్పుడు మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కల బండల మీద బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు బండలెక్కడం) చేస్తాను. ఫిబ్రవరిలో పెళ్ళి కుదిరింది. ఎక్కేటప్పుడు ఉంగరం పెట్టుకోకూడదని ఇక్కడ అందరికీ తెలుసు. ఉంగరం రాతి అంచుకి తగులుకుని కాలు జారిందంటే ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడుతుంది, చర్మం తొడుగులా ఊడొచ్చిన కేసులున్నాయి. ప్రతిసారీ తీసి సంచిలో వేస్తే ఎప్పుడో ఒకప్పుడు పోగొడతానని మా కాబోయే ఆవిడ భయం. అందుకని ఇద్దరం ఉంగరం వేలి చుట్టూ సన్నగా ఒక గీత టాటూ వేయించుకుందాం అనుకుంటున్నాం.

తిరుపతిలో రెండు చోట్ల అడిగాను. ఒకాయన వేళ్ళ మీద వేస్తే ఆరు నెలల్లో పోతుంది, రాళ్ళు పట్టుకునే చేతికి మూడు నెలలు కూడా ఆగదు అన్నాడు. రెండో ఆయన జీవితాంతం గ్యారంటీ అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? మీలో వేళ్ళ మీద టాటూ ఉండి ఎక్కేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా ఉందో చెప్పండి. వేయించుకున్నాక ఎన్నాళ్ళు రాయి ముట్టుకోకూడదో కూడా చెప్పండి.

నగరి ముక్కు
పెళ్ళి శుభాకాంక్షలు బ్రో.

నా ఎడమ చేతికి రెండు ఉన్నాయి. ఒకే రోజు, ఒకే మనిషి వేశాడు. మొదటిది నడిమి వేలి పైవైపు, రెండు కణుపుల మధ్య చదునుగా ఉండే చోట చిన్న త్రిభుజం. రెండోది చూపుడు వేలి పక్కన, నడిమి వేలికి ఒరుసుకునే వైపు మా అమ్మ పేరు. త్రిభుజం ఇప్పటికీ గీత గీతలాగే ఉంది, మూలలు కాస్త మెత్తబడ్డాయి అంతే. పేరు మాత్రం చదవడానికి రాదు. మొదటి అక్షరం ‘శ్రీ’లో గుడి మూసుకుపోయి కందిగింజంత నీలం మచ్చయింది. చివరి ‘మ’లో సగం మాయమైంది, సగం పక్కకి పాకింది.

చెయ్యి ఒకటే, రాళ్ళు అవే, పట్టు కోసం చేతికి పూసుకునే చాక్ పొడి అదే. ఎక్కడం వల్లే పోయేదైతే రెండూ పోవాలి కదా. అందుకే ఎక్కడ వేశారు అన్నదే అసలు సంగతి అని నా నమ్మకం.

సిరాబుడ్డి (చిత్తూరు)
నేను చిత్తూరులో టాటూలు వేస్తాను. పైన చెప్పిన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. కొంచెం విడమర్చి చెప్తాను.

సిరా పై పొరలో నిలవదు. పై పొర నెలకో, నెలన్నరకో మొత్తం కొత్తదయిపోతుంది. దాని కింది పొరలోకి సూది దిగితేనే బొమ్మ ఉంటుంది. చాలా చోట్ల సూది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు దిగితే సరిపోతుంది. వేలికి వచ్చేసరికి చుట్టూ ఒకే చర్మం ఉండదు. పైవైపు పలచగా, సన్నటి వెంట్రుకలతో ఉంటుంది. అరచేతి వైపు పై పొర ఒక్కటే మిల్లీమీటరున్నర దాకా మందం ఉంటుంది. పక్కన ఈ రెండూ కలిసే గట్టు ఉంటుంది, అక్కడ అర మిల్లీమీటరు తేడాకే చర్మం మారిపోతుంది. అరచేతి వైపు తేలికగా వేస్తే పక్కుతో పాటు సిరా ఊడిపోతుంది. గట్టిగా దింపితే కిందికి కారి గీత చుట్టూ నీలంగా పాకుతుంది. ఆ రెండిటి మధ్య సరైన లోతు పట్టుకోవడం అనుభవం ఉన్న చేతికి కూడా కష్టమే.

అందుకే ఉంగరం మొత్తం చుట్టూ వేయమని అడిగితే నేను వేయను. పైవైపు, ఒక పక్క గట్టు ముందు నుంచి రెండో పక్క గట్టు ముందు దాకా వేసి ఆపేస్తాను. చెయ్యి కిందికి పెట్టుకున్నప్పుడు చూసేవాళ్ళకి నిండు ఉంగరం లాగే కనిపిస్తుంది.

గీత మరీ సన్నగా అడగొద్దు తమ్ముడూ. ఫోన్లలో చూపించే వెంట్రుకవాసి గీతలు వేసిన రోజు తీసిన ఫొటోలు. అన్ని టాటూలూ ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దిగా వెడల్పవుతాయి, వేలి మీద ఇంకాస్త ఎక్కువ. కొంచెం మందంగా, నల్ల సిరాతో, మధ్యలో ఖాళీ వదిలి వేస్తే నిలుస్తుంది. తెలుగు అక్షరాలు వేయించుకునే వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలు, సుడులే. చిన్న సైజులో వేస్తే ముందు ఆ గుండ్రాలే పూడిపోతాయి. ‘శ్రీ’ని కంది గింజంత చోట వేయడం వేసినవాడి తప్పు, వేయించుకున్నవాడిది కాదు.

వేళ్ళకి ఎవరైనా జీవితాంతం గ్యారంటీ ఇస్తే అక్కడ కూర్చోకండి. టచప్ (వెలిసిన చోట మళ్ళీ సిరా దిద్దడం) పడుతుందని ముందే చెప్పేవాడి దగ్గరికి వెళ్ళండి.

కొండగొర్రె
చాలా థ్యాంక్స్ అన్నా. నిండు ఉంగరమే కావాలని పట్టుబట్టాను గానీ సగం ఉంగరం మాట విన్నాక మనసు అటే మళ్ళింది. ఇంకొక్కటి అడుగుతాను. ఎక్కేటప్పుడు పైవైపు చర్మం కూడా రాతికి గీసుకుంటుంది కదా? నా కణుపుల మీద ఎప్పుడూ ఏదో ఒక గాయం ఉంటుంది.

హార్స్‌లీ హేమ
ఇది ఎక్కేవాళ్ళు చెప్పాల్సిన విషయం, కాబట్టి నేను చెప్తాను.

నువ్వు ఎలాంటి రాతి మీద, ఎలా ఎక్కుతావన్న దాన్ని బట్టి ఉంటుంది. చిన్న అంచుల మీద క్రింప్, అంటే వేళ్ళు మడిచి కొనలతో, పట్టినప్పుడు రాయి తగిలేది వేలి కొనలకి. పైవైపు గాలిలో ఉంటుంది. బొటనవేలు వచ్చి చూపుడు వేలి గోరు మీద కూర్చుంటుంది, ఉంగరం వేలికి ఏమీ తగలదు. గుండ్రటి బండని అరచేత్తో అదిమి పట్టినప్పుడూ అంతే. వేలు దూరే గుంతలో పట్టినప్పుడు పక్కలు గట్టిగా ఒరుసుకుంటాయి. అసలు దెబ్బ తినేది పగుళ్ళలో. క్రాక్‌లో వేళ్ళు దూర్చి మెలిపెట్టినప్పుడు పైచర్మమే రాతిని పట్టుకుంటుంది, ఒంటి బరువంతా దాని మీదే. మదనపల్లె వైపు గ్రానైట్‌లో గింజలు పెద్దవి, వేలు ఒక్కసారి జారితే కణుపు దగ్గర చర్మం లేచిపోతుంది. నువ్వు క్రాక్‌లు ఎక్కే మనిషివైతే కణుపు మీద మాత్రం టాటూ వద్దు. కణుపుకీ కణుపుకీ మధ్య చదునులో వేయించుకో, ఎక్కేటప్పుడు టేప్ చుట్టుకో.

ఆ టేప్ సంగతి కూడా వినాలి. వేలి నరం పట్టేయకుండా మనం టేప్ చుట్టేది ఎక్కడ? వేలి మొదలుకీ నడిమి కణుపుకీ మధ్య. సరిగ్గా ఉంగరం ఉండే చోటు. మానిన టాటూకి టేప్ వల్ల ఏమీ కాదు, పైగా కాపాడుతుంది. మానని టాటూ మీద మాత్రం ఆ జిగురు టేప్ చుట్టి లాగారంటే పక్కు మొత్తం టేప్‌కే అంటుకుని వస్తుంది, దాంతో సిరా కూడా. మాతో ఎక్కే అమ్మాయికి ఇలాగే జరిగింది. కొత్త టాటూ మీద రాయి తగలకూడదని టేప్ చుట్టింది. సాయంత్రం విప్పితే గీత మధ్యలో రెండు చోట్ల తెల్లగా ఖాళీలు. కాపాడదామని చేసిన పనే పాడుచేసింది.

బిలే చేసే, అంటే కింద నిలబడి ఎక్కేవాళ్ళ తాడు పట్టుకునే, చెయ్యి కూడా గుర్తుపెట్టుకో. తాడు జారి కాలిస్తే అరచేయి, వేళ్ళ లోపలివైపు పోతుంది. కింది సగం ఉంగరం వద్దనడానికి అదొక కారణం చాలు.

పీలేరు పద్మ
నేను ఎక్కను, మా తమ్ముడు ఎక్కుతాడు. వాడు కూడా ఇలాగే వేయించుకుంటానంటే నేనొక ఉపాయం చెప్పాను. ఆషాఢంలో మేము గోరింటాకు నూరుకున్నప్పుడు వాడి వేలికి కూడా టాటూ కావాలన్న చోట ఉంగరంలాగా పెట్టాను. మామూలుగా మా చేతులకి రెండు వారాలు దాటినా లేత రంగు ఉంటుంది. వాడు ఆ ఆదివారం బండలెక్కి వచ్చేసరికి వేలి లోపలివైపు రంగు పూర్తిగా పోయింది, పక్కల్లో సగం పోయింది, పైవైపు మాత్రం పెట్టినట్టే ఉంది. ఏ చోటు ఎంత ఒరుసుకుంటుందో వాడికి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వేయించుకునే ముందు ఎవరైనా ఇది చేసి చూడొచ్చు, ఖర్చు లేదు.

సిరాబుడ్డి
పద్మక్కా, ఇది చాలా బాగుంది. ఇకపై వేళ్ళ మీద అడిగేవాళ్ళకి నేనే ఇది చెప్తాను. ఆకు నూరిందే పెట్టమనండి. నల్లగా పండుతుందని అమ్మే కోన్లు వద్దు.

సూదిమందు
నేను చర్మ వ్యాధుల డాక్టర్‌ని. గోరింటాకు పరీక్ష నాకూ నచ్చింది, కానీ దాని నుంచి ఏం తెలుసుకోవచ్చో, ఏం తెలుసుకోకూడదో స్పష్టంగా చెప్పాలి. గోరింటాకు రంగు పట్టేది పై పొరలో చచ్చిన కణాలకి. అరచేతిలో, వేలి కొనల్లో ఆ పొర మందం కాబట్టే అక్కడ ఎర్రగా పండుతుంది. రాతికి ఆ పొర అరిగిపోతే రంగూ పోతుంది. టాటూ సిరా దాని కింద ఉంటుంది. రాయి రోజూ అరగదీసేది పై పొరనే, సిరా ఉన్న పొర దాకా వెళ్ళదు. కాబట్టి గోరింటాకు వారంలో పోయింది కదా, టాటూ కూడా అలాగే పోతుంది అనుకోవద్దు. ఏ చోట ఒరిపిడి ఎక్కువో అది చూపిస్తుంది, అంతవరకే.

కింది పొరలో సిరాని పట్టి ఉంచేది మన ఒంట్లోని రక్షక కణాలు. అవి సిరా రేణువుల్ని మింగి అక్కడే కూర్చుంటాయి. ఆ కణం చచ్చిపోతే సిరా బయటపడుతుంది, పక్కనే పుట్టిన కొత్త కణం మళ్ళీ దాన్ని మింగుతుంది. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద దీన్ని చూపించారు. చాక్ పూసుకున్నంత మాత్రాన, గట్టు పట్టుకున్నంత మాత్రాన ఈ ఏర్పాటు చెదరదు. లోతుగా తెగి మచ్చ పడితే మాత్రం ఆ మేరకు గీత తెగుతుంది. ఎండ కూడా సిరాని వెలిసేలా చేస్తుంది, బయట రాళ్ళెక్కే వాళ్ళ చేతులకి ఎండ తక్కువేమీ కాదు.

నా లెక్కలో వేలి టాటూని పాడుచేసేవి ముందు వేసిన చోటు, తర్వాత వేసిన లోతు, ఆ తర్వాత మొదటి మూడు, నాలుగు వారాలు. ఎక్కడం అనేది ఈ మూడింటి తర్వాతే. చాలామంది మూడోదాన్ని గాలికొదిలేసి నింద రాతి మీద వేస్తారు.

కొత్త టాటూ అంటే పుండు. పైకి మానడానికి రెండు, మూడు వారాలు పడుతుంది, లోపల పూర్తిగా కుదురుకోవడానికి రెండు, మూడు నెలలు. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్, దాని పనే తడి పీల్చడం. మానుతున్న చర్మానికి కావలసిన తడిని కూడా అది పీల్చేస్తుంది, పక్కు ఎండి పగులుతుంది. ద్రవ చాక్‌లో ఆల్కహాల్ ఉంటుంది, పచ్చి పుండుకి అది ఇంకా చెడ్డది. క్లైంబింగ్ జిమ్ గోడల మీద వందల చేతులు పట్టిన హోల్డ్‌లని (పట్టుకునే దిమ్మలని) పచ్చి పుండుతో పట్టుకుంటే చీము పట్టే అవకాశం బాగా ఉంది. పక్కు రాలి, ఆ తర్వాత వచ్చే మెరుపు పోయి, పక్క చర్మంలాగే ఉందనిపించేదాకా ఎక్కొద్దు. నెల రోజులు చేతిలో పెట్టుకోండి.

సిరాబుడ్డి గారు నల్ల కోన్ల గురించి చెప్పింది నిజం. వాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. బొబ్బలు లేచి జన్మంతా ఆ ఎలర్జీ ఉండిపోయిన పిల్లల్ని చూశాను.

కొండగొర్రె
మేడమ్, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఎప్పుడు వేయించుకోవాలన్నదే ప్రశ్న. నెల రోజులు ఎక్కకుండా ఉండాలంటే ఎండాకాలమే మంచిదేమో. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రాయి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఎలాగూ ఎక్కం. పెళ్ళి అయ్యాక వేయించుకుంటే సరిపోతుందా?

నగరి ముక్కు
మేలో వద్దు బ్రో. తిరుపతి ఎండలో చేతులకి చెమట ఆగుతుందా? వేలి సందుల్లో చెమట నిలిస్తే పక్కు నానుతుంది. పైగా అది గంగమ్మ జాతర సమయం, పండగలో పది మంది చేతులు పట్టుకుంటావు.

హార్స్‌లీ హేమ
అక్టోబర్, నవంబర్ మంచిది. మన జిల్లాలకి ఈశాన్య రుతుపవనాల్లో వాన బాగా పడుతుంది. తుఫాను పడితే వారాల తరబడి బండలు తడిగా ఉంటాయి, పాచి పడుతుంది, ఎవరూ ఎక్కరు. చెమట తక్కువ, ఎండ తక్కువ. వానలో చెయ్యి నానకుండా చూసుకుంటే చాలు. డిసెంబర్ చివరికి రాయి ఆరి, చలి పట్టి, ఎక్కడానికి ఏడాదిలోకల్లా మంచి రోజులు మొదలయ్యే వేళకి నీ వేలు సిద్ధంగా ఉంటుంది. ఫిబ్రవరి పెళ్ళికి పూర్తిగా మాని, టచప్ కావాలా వద్దా అన్నది కూడా తెలుస్తుంది.

పెళ్ళికి ముందు వారం వేయించుకోవాలనే ఆలోచన ఉంటే మానుకో. పెళ్ళిలో నీళ్ళు, పసుపు, అక్షింతలు, తలంబ్రాలు, వేళ్ళు క్షణం ఖాళీగా ఉండవు.

సూదిమందు
హేమ గారి మాటే నా మాట. అక్టోబర్ నుంచి జనవరి లోపు.

రైలు తాత (రేణిగుంట)
పిల్లలూ, రైల్వేలో పనిచేసి రిటైరైన వాణ్ణి, రాళ్ళెక్కడం నాకు తెలియదు. పచ్చబొట్టు మాత్రం తెలుసు. మా అమ్మకి ముంజేతి మీద మా నాన్న పేరు, చేతి వెనకవైపు అయిదు చుక్కలు ఉండేవి. ఊళ్ళోకి పొడిచేవాళ్ళు వచ్చినప్పుడు దీపం మసితో పొడిచారట. జీవితమంతా ఆమె కలుపు తీసింది, రోలు తిప్పింది, పేడ అలికింది, అంట్లు తోమింది. ఎనభై దాటాక కూడా ఆ అయిదు చుక్కలూ అయిదూ ఉన్నాయి. నల్లటివి పచ్చగా మారాయి, కొంచెం వెడల్పయ్యాయి, అంతే. డాక్టరమ్మ చెప్పింది విన్నాక ఎందుకో అర్థమైంది. చేతి వెనకవైపు, పెద్ద చుక్కలు, మధ్యలో ఖాళీ.

ఇంకో మాట. మా మనవడి స్నేహితులు కొందరు తిరునామం వేలి మీద వేయించుకుంటామంటున్నారు. స్వామి మీద భక్తి ఉన్నవాళ్ళే, తప్పు పట్టను. కానీ ఆ వేలితోనే తింటాం, కడుక్కుంటాం, బూట్లు విప్పుతాం. నామం అరిగి సగమై కనిపిస్తే ఆ బాధ వేరే. వేయించుకోవాలంటే భుజం మీదో, ముంజేతి మీదో వేయించుకోమనండి.

సిరాబుడ్డి
తాతా, మీరు చెప్పిందే నేనూ చెప్తాను. దేవుడి గుర్తులు వేళ్ళ మీద, నడుము కింద నేను వేయను. తిరుమల వచ్చిన వాళ్ళు కొండ దిగగానే అడుగుతుంటారు, ముంజెయ్యి చూపిస్తాను.

చిత్తూరు చిన్నోడు
అన్నలూ, నేను ఎస్‌ఎస్‌సీ జీడీకి (కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నా. వారానికి రెండు సార్లు ఎక్కుతా కూడా. వేలి మీద చిన్న గీత ఉంటే మెడికల్‌లో తీసేస్తారా? ఇది తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నగరి ముక్కు
మా అన్న సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నాడు, కాబట్టి చెప్తున్నా. ఆ నోటిఫికేషన్‌లో టాటూ గురించి విడిగా ఒక భాగం ఉంటుంది. మతపరమైన గుర్తులు, పేర్లు మాత్రమే ఒప్పుకుంటారు. చోటు ఎడమ ముంజెయ్యి లోపలివైపు, లేదంటే చేతుల వెనకవైపు. సెల్యూట్ చేసే కుడి ముంజెయ్యి కుదరదు. సైజు ఆ భాగంలో నాలుగో వంతు లోపే ఉండాలి. వేలి మీద ఊరికే గీత అంటే మెడికల్ బోర్డు ఎలా చూస్తుందో వాళ్ళ ఇష్టం. ఉద్యోగం వచ్చేదాకా ఏదీ వేయించుకోకు తమ్ముడూ. ఉద్యోగం కన్నా గీత ఎక్కువ కాదు.

పీలేరు పద్మ
చిన్నోడా, ఆ మాట విను. తర్వాత లేజర్‌తో తీయించుకోవచ్చులే అని కూడా అనుకోకు.

సూదిమందు
అవును. లేజర్‌తో నల్ల సిరాని బాగానే తీయొచ్చు, కానీ ఒకసారితో అవదు. చాలా సిట్టింగ్‌లు పడతాయి, ఒక్కోదానికి మధ్య వారాల గడువు ఇవ్వాలి. గుండెకి దూరంగా, రక్తప్రసరణ తక్కువగా ఉండే వేళ్ళ దగ్గర ఇంకా నెమ్మదిగా పోతుంది. మన చర్మపు రంగుకి సరిపోని లేజర్ వాడితే తెల్లమచ్చ పడుతుంది.

రక్తదానం చేసే అలవాటున్న వాళ్ళకి ఒక మాట. టాటూ వేయించుకున్నాక మన దేశంలో ఏడాది పాటు రక్తం తీసుకోరు, చుక్క వేయించుకున్నా సరే. ఎవరికైనా ఇవ్వాల్సి ఉంటే ముందే ఇచ్చేసి వేయించుకోండి.

సూది విషయంలో రాజీ పడొద్దు. జాతరల్లో, తిరునాళ్ళలో బ్యాటరీ మెషీన్‌తో ఒకే సూది అందరికీ వాడేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాం. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మూడూ సూదితో వస్తాయి. సీలు మీ ముందే విప్పాలి, సిరా చిన్న మూతలో మీకోసం విడిగా పోయాలి, మిగిలింది పారేయాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోని వాళ్ళు ముందు అది వేయించుకోండి.

కొండగొర్రె
మా ఆవిడకి ఈ చర్చంతా చదివి వినిపించాను. పై సగం గీత, కొంచెం మందంగా, నవంబర్ మొదట్లో, అని ఇద్దరం ఒప్పుకున్నాం. సిరాబుడ్డి అన్నా, నీ దగ్గరికే వస్తాం. ముందు ఈ ఆదివారం గోరింటాకు పెట్టుకుని రామనగర వెళ్తున్నా. తనకి ఎక్కే పని లేదు కాబట్టి తను నాకన్నా ముందే ఎప్పుడైనా వేయించుకోవచ్చా?

సిరాబుడ్డి
రండి తమ్ముడూ. ఆవిడ కూడా నీతో పాటే వేయించుకోవడం మంచిది. వంట, అంట్లు, బట్టలు, సబ్బునీళ్ళు అంటే మానే రోజుల్లో రాయి కన్నా ఏమీ తక్కువ కాదు. ఆ మూడు వారాలు అంట్లు నువ్వూ తోమకూడదు, ఆవిడా తోమకూడదు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మానాక ఇద్దరూ సన్‌స్క్రీన్ రాయండి. నువ్వు ఎక్కే ముందు వేలి కొనలు మాత్రం సబ్బుతో కడుక్కో, జిడ్డుంటే పట్టు జారుతుంది. కాయలు కాచిన చోట ఆకురాయి పెట్టి రుద్దే అలవాటుంటే గీత మీదికి పోనివ్వకు.

హార్స్‌లీ హేమ
శేషాచలం వైపు వెళ్ళి కొత్త రాళ్ళు వెతుకుదామనుకునే కుర్రాళ్ళకి కూడా ఇక్కడే చెప్తున్నా, టాటూతో సంబంధం లేకపోయినా. తలకోన, తిరుమల కొండలు రక్షిత అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా తాడు వేయొద్దు. ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ కలిసే చోటు చూస్తే ఎక్కాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగుతుంది. అది జాతీయ భూగర్భ స్మారకం, స్వామి కొండ. చూసి దణ్ణం పెట్టుకుని రండి.

పాకాల పిల్ల
కొత్తగా చేరాను. ఈ చర్చ ముందే చూసి ఉంటే బాగుండేది. పోయిన సోమవారం చూపుడు వేలి పక్కన చిన్న నెలవంక వేయించుకున్నా. ఇవాళ శుక్రవారం. గీత చుట్టూ ఎర్రగా ఉంది, నిన్నటి కన్నా ఇవాళ ఎరుపు పైకి పాకింది, వేలు వంచితే సలుపుతోంది. ఆదివారం మా బ్యాచ్ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో గోడ ఎక్కడానికి వెళ్తోంది, డబ్బు కట్టేశా. టేప్ చుట్టుకుని వెళ్ళొచ్చా?

సూదిమందు
వెళ్ళొద్దమ్మా. మొదటి రెండు, మూడు రోజులు ఎరుపు, కొద్దిగా వాపు మామూలే, కానీ అది రోజురోజుకీ తగ్గాలి. నీకు పెరుగుతోంది, సలుపు కూడా ఉంది. టేప్ చుట్టకు, పసుపు రాయకు, కొబ్బరినూనె రాయకు, పక్కు గిల్లకు. వాసన లేని మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, గాలికి ఉంచు. జ్వరం వచ్చినా, చీము కనిపించినా, ఎర్రటి చార చేతి మీదికి పాకినా, వేలు చాపలేకపోయినా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళు. వేలి లోపల నరాల తొడుగులో చీము పడితే గంటల లెక్కే. అవేమీ లేకపోయినా రేపు పొద్దున ఓపీలో చూపించు. ఎప్పుడు, ఎక్కడ వేయించుకున్నావో, ఏం రాశావో డాక్టర్‌కి దాచకుండా చెప్పు.

పాకాల పిల్ల
చీము లేదు మేడమ్, జ్వరం లేదు, వేలు చాపగలుగుతున్నా. ఇంట్లో వాళ్ళకి టాటూ సంగతి తెలియదు.

హార్స్‌లీ హేమ
ఇంట్లో నేను మాట్లాడతాను, నంబర్ మెసేజ్‌లో పెట్టు. రేపు పొద్దున నేను తిరుపతిలోనే ఉంటా. తొమ్మిదింటికి ఓపీ దగ్గరికి వచ్చేయ్, కలిసి చూపిద్దాం. గోడ డబ్బు సంగతి మీ బ్యాచ్ వాళ్ళతో నేను తేలుస్తా.

పాకాల పిల్ల
వస్తా అక్కా. పాకాల నుంచి ఏడున్నర బస్సు ఎక్కుతా.